పసుపు చేతుల బీడీ సంఘం

ఇలవేల్పు మీద ఒట్టు, ఉన్న ఒక్కగానొక్క బామ్మర్ది మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నలభై మంది ఆడవాళ్లు, ఒక వ్యాను, ఒక కాంటా, ఒక మూర్ఖుడు. మూర్ఖుడి కోసం వెతుక్కోనక్కర్లేదు, రాస్తున్నది వాడే. ఎనిమిదేళ్లుగా బోధన్‌లో ఎవరు ఎదురుపడ్డా ముందు ఈ కథే అడుగుతారు. చెప్పి చెప్పి దవడలు అరిగాయి. ఒకసారి రాసి పెట్టుకుంటే, అడిగినవాళ్ల చేతిలో కాగితం పెట్టి నేను కాస్త కళ్లు మూసుకోవచ్చు.

అప్పట్లో నేను తహసీల్ ఆఫీసు ముందర బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ని. నా అర్జీ వింటే బండరాయి కూడా రుమాలు వెతుక్కోవాలి. ఎవరైనా బాపు పోయాడని రాయమంటే, దండిగా ఉంటుందని తాతను కూడా చంపేవాణ్ని.

ఒకరోజు గంగామణక్క వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చెరుకు పని పోయి, బీడీలకు దిగిన మనిషి. ఆమెలాంటివాళ్లు పదకొండు మంది ఒక జట్టు కట్టారు. వాళ్ల గోస ఏమిటంటే, కార్ఖానాలో తునికాకు తూచి ఇచ్చే టేకేదారు కాంటాకు అతనంటే మహా ప్రేమ. ఎప్పుడు చూసినా అతని వైపే మొగ్గేది. ఆకు తక్కువ ఇస్తాడు, బీడీలు మాత్రం నిండుగా కావాలంటాడు. తగ్గిన ఆకు వీళ్లే కొని తేవాలి. ఇదేమిటని అడిగితే మర్నాటి నుంచి పని బంద్.

అదే రోజుల్లో నిజామాబాద్‌లో ‘సమాజ నిధి’ అని ఒకటి మొదలైంది. ఎక్కడో ఢిల్లీ నుంచి ఊడిపడింది కాదు. మన డాక్టర్లు, రిటైరైన పంతుళ్లు, దుబాయ్‌లో కష్టం చేసే మన పిల్లలు తలా ఇంత వేసుకుని, జిల్లాలో న్యాయం అడిగే సంఘాలకు ఆసరా ఇస్తారు. శిలాఫలకం మీద పేరు చెక్కిస్తామంటే గుడి కట్టించే దాతలు మనకు బోలెడు మంది. లేబర్ ఆఫీసుకు పోయే బస్సు చార్జీకి, మీటింగులో చాయ్‌కి, ఒక కాంటాకి ఇచ్చేవాళ్లెవరు? వీళ్లు ఇస్తారు. పేరు కూడా రాయించుకోరు.

“పోశెట్టన్నా, గా నిధికి రెండు ముక్కలు రాయి సాలు,” అంది గంగామణక్క. “మేం పదకొండు మందిమి, మాకు మా కాంటా కావాలె. ఆకు తీస్కున్నకాడ్నే అందరి ముందట తూకం ఎయ్యాలె. గంతే.”

“అక్కా, పదకొండు మందిని సంఘమంటరా? క్రికెట్ టీమంటరు.”

“మరెంత మంది ఉండాలె?”

“నూటపది.”

“మిగిలిన తొంభై తొమ్మిది మంది యాడున్నరే?”

“కాగితం మీదుంటరు. వాళ్లకేమన్న బువ్వ పెట్టాల్నా?”

ఆమెకు వాదించే తీరిక లేదు. ఇంట్లో చుట్టాల్సిన బీడీలు ఇంకా చాటలోనే ఉన్నాయి. “నీ ఇష్టం, సదువుకున్నోనివి. కాంటా రాకుంటే మాత్రం నీ సంగతి సెప్త,” అని వెళ్లిపోయింది.

అర్జీ ఫారం వెనకవైపు నిబంధనలేవో ఉన్నాయి. నేను రాసేవాణ్నే గాని చదివేవాణ్ని కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పది రోజులకు నిధి నుంచి ఫోను. “గురువారం వస్తం. అందర్నీ చూడాలె.”

అందర్నీ! కాగితం మీది తొంభై తొమ్మిది మందిని ఎక్కడ నుంచి తేను? వెంటనే బామ్మర్ది సాయిలుకు ఫోను కొట్టాను. వాడు వ్యాను తోలతాడు, బాల్కొండ నుంచి నిజామాబాద్ యార్డుకు పసుపు తెస్తాడు.

“సాయిలూ, నీ వ్యాన్ల ఎంత మంది పడ్తరు?”

“పసుపైతే వంద బస్తాలు బావా.”

“మనుషులురా!”

“నిలబెడితే నలభై. పసుపు పనోళ్లున్నరు, బస్తాలు దించినంక ఖాళీనే. ఏం పెడ్తవ్?”

“బిర్యానీ.”

గురువారం కమ్యూనిటీ హాలు ముందు టెంటు వేయించాను. మిగతావాళ్లు కార్ఖానాకు పోయారని చెబుదామనుకుని, నలభై మందిని ముందు వరుసల్లో కూర్చోబెట్టి, తలా ఒక చాట, కత్తెర ఒళ్లో పెట్టాను. అసలు సంఘం పదకొండు మందినీ ఎక్కడ ఉంచానంటారా? వెనక, చాయ్ కాచడానికి. నన్ను తిట్టాలనిపిస్తే ఇక్కడ ఆగి తిట్టుకోండి. నేనూ కాస్త ఊపిరి పీల్చుకుంటాను.

నిధి తరఫున సుశీల మేడం ఒక్కతే బస్సు దిగి వచ్చింది. రిటైరైన హెడ్మాస్టరమ్మ. దండ వద్దంది, కుర్చీ వద్దంది. చాప మీద కూర్చుని, ఎదుటామె చెయ్యి పట్టుకుంది.

“నీ పేరేంది అవ్వా?”

“లింబవ్వ.”

మేడం ఆ చెయ్యి తిప్పి చూసింది. బీడీలు చుట్టేవాళ్ల వేళ్ల కొసలు పొగాకుకు నల్లబడి ఉంటాయి. ఇవి పచ్చగా ఉన్నాయి. పక్కామెవీ పచ్చనే. నలభై మంది పెళ్లికూతుళ్లకు ఒకే ముహూర్తానికి నలుగు పెట్టినట్టుంది టెంటు కింద.

“పోశెట్టి గారూ, ఇదేంది?”

“పొగాకు ఘాటుకు చేతులు పగుల్తయ్ మేడం. పసుపు మందు.”

“మోచేతుల దాకానా?”

“ఘాటు పైకెక్కుతది మేడం.”

“చెవులకు గూడ ఉన్నది?”

“అక్కడిదాకా ఎక్కుతది.”

మేడం ఒక తునికాకు తీసి లింబవ్వ చేతిలో పెట్టింది. “ఒక్కటి చుట్టవ్వా, చూస్త.”

లింబవ్వ ఆకును అటూ ఇటూ తిప్పి, తొడిమ గిల్లి, మూడు మడతలు పెట్టి అడిగింది. “సున్నం లేదా అమ్మా?”

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. తొంభై తొమ్మిదికే ఒక కాంటా ఎగిరిపోవడం కళ్లారా చూశాను.

“మాది బాల్కొండ దిక్కమ్మా,” అంది లింబవ్వ. “పసుపు కొమ్ములు ఇరిశెటోళ్లం. గీ సారు బిర్యానీ పెడ్తనంటె వచ్చినం. యాడుంది సారూ?”

మేడం కళ్లద్దాలు తుడుచుకుంది. ఆ తుడవడంలో ముప్పై ఏళ్ల పాటు నాలాంటి మొద్దుల పేపర్లు దిద్దిన అలసట కనబడింది. “ఫారం ఎనుక చదివిండ్రా? ఇరవై మందికి మించని, ఏ దిక్కూ లేని సంఘాలకే మా నిధి. నూటపది మందైతే ఇయ్యనీకే లేదు. నమ్మక చూద్దామని వచ్చిన.”

అంటే పదకొండని రాసుంటే, నేను బల్ల మీద నిద్రపోయినా కాంటా వచ్చేది.

అప్పుడు వెనక నుంచి చాయ్ పళ్లెంతో గంగామణక్క వచ్చింది. పళ్లెం నా చేతిలో పెట్టింది. “అమ్మా, మేం పదకొండు మందిమి. గీయన్ని లెక్కల పట్టకు,” అని నల్లబడ్డ వేళ్లు చాపింది. కొంగు చాటు నుంచి ఆ పొద్దు తెచ్చిన ఆకు కట్ట తీసింది. పక్క కిరాణా కొట్లో తూయించారు. తక్కువే ఉంది.

“ఈ సంఘంల ఏం చెయ్యాల్నో ఎవరు నిర్ణయిస్తరు?” అడిగింది మేడం.

అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది.

“నువ్వు చాయ్ పంచన్నా,” అన్నారు పదకొండు మందీ.

పంచాను. లింబవ్వ గ్లాసు అందుకుంటూ, “మాక్కూడ గదే గోసమ్మా. ఇరిసిన పసుపు మేస్త్రీ కాంటాలనే తూకం. మేం గూడ అడగొచ్చునా?” అంది. ఆ రోజు మేడం మొదటిసారి నవ్వింది.

నెలకు కాంటా వచ్చింది. గంగామణక్క దాన్ని కార్ఖానా గుమ్మంలో పెట్టిన రోజే టేకేదారు కాంటాకు పాత జబ్బు నయమైంది. బాల్కొండలో లింబవ్వ తొమ్మిది మందితో జట్టు కట్టి తనూ అర్జీ పెట్టుకుంది. అందులో మొదటి వాక్యం: ‘ఈ అర్జీ పోశెట్టి రాయలేదు.’ ఇప్పుడు చాలామంది అలాగే మొదలుపెడుతున్నారని విన్నాను.

కనుక తునికాకు సాక్షిగా, నేను పంచిన ఆ చాయ్ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ సంఘానికీ, ఏ సభకీ, ఏ కాగితం మీదా, లోకంలో లేని మనిషిని ఒక్కరిని కూడా పుట్టించను.

ఇంతవరకు రాసేసరికి బామ్మర్ది ఫోను. పొద్దుట్నుంచి ఒళ్లు కాలుతోందట. ఒట్టు గుర్తొచ్చి చెప్పేస్తున్నాను. వ్యానులో వచ్చింది నలభై మంది కాదు, పద్నాలుగు మంది. మిగతాదంతా జరిగిందే. పద్నాలుగు మందంటే మీరు ఇంతదాకా చదివేవాళ్లా చెప్పండి?