అందరికీ ఒకటే వంతు

ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఆ శిల్పి మా నంద్యాల కాలుష్య నియంత్రణ ఆఫీసు గుమ్మం దగ్గర ఆగి, తువ్వాలుతో ఒళ్లంతా దులుపుకున్నాకే లోపలికి అడుగుపెట్టేవాడు. తన రాతిదుమ్ము ఇంకొకరి మీద పడకూడదని ఆయన పట్టుదల.

ఆ ఏడు జిల్లాలో దుమ్ము తగ్గించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ ప్రాంతం ఎంత తగ్గించాలో రాసే పని నాది. నంద్యాల వైపు పెద్ద ఫ్యాక్టరీలు, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే చిన్న షెడ్లు. అన్నిటికీ మూడో వంతు కోత అని రాశాను.

ఆయన వచ్చి కూర్చున్నాడు.

"సారూ, పెద్దోళ్లు దుమ్ము పట్టే మిషన్లు పెట్టుకుంటారు. మాకు యాడ కుదురుతాది? నా షెడ్డులో ఉండేది మూడే కోత మిషన్లు. ఒకటి ఆపాల్సిందేనా?"

"అందరికీ ఒకటే వంతు పెద్దాయనా. అదే న్యాయం."

"వంతు ఒకటే సారూ. దుమ్ము ఒకటేనా?"

కాదని నాకూ తెలుసు. కానీ మార్చాలంటే మళ్లీ అన్నిచోట్లా కొలతలు తీయించాలి, పైవాళ్లకు సంజాయిషీ రాయాలి. బద్ధకించి సంతకం పెట్టేశాను.

ఆరు నెలలకు తనిఖీకి ఆళ్లగడ్డ వెళ్లాను. షెడ్డులో ఇద్దరు పనివాళ్లు రాయి కోస్తున్నారు. మూడో మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆయన బయట బల్ల మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"మీరు చేయడం లేదా?" అన్నాను.

"ఒకరు మానుకోవాల గదా సారూ. వాళ్లిద్దరూ పిల్లలు గలోళ్లు. అందుకే నేనే మానుకున్యా." మెల్లగా అడిగాడు. "మీ లెక్క సరిపోయిందా?"

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"సరిపోయింది" అన్నాను, ఆయన కళ్లలోకి చూడలేక.