మామ అడిగిన ఉలవల కూర

పోయిన నెల మా అత్త పోయింది. ఆ పొద్దున నేను కడంబత్తూరులో మద్రాసు లోకల్ రైలెక్కి అంబత్తూరులో ఆఫీసుకు చేరి, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోనైనా లేదు, పక్కింటామె ఫోన్ చేసింది. అత్త కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, అట్లాగే తల వాల్చేసిందట. డాక్టరు వచ్చి నాడి చూసి పెదవి విరిచాడట. ఆమె తమిళంలో చెప్పిందంతా విన్నాను గానీ ఒక్క ముక్కా తలకెక్కలేదు. ఎప్పుడూ హడావిడి లేని మనిషి ఇంత తొందరగా వెళ్ళిపోవడమేంటి?

తిరుగు రైల్లో కూర్చున్నాక, ఏడుపు కంటే ముందు ఉలవలు గుర్తొచ్చాయి. ఉలవల కూర తిని ఎన్నాళ్ళయిందోనని ముందురోజు మామ నోరు తెరిచి అన్నాడు. మామ ఫలానాది కావాలని అడగడమే అరుదు. అందుకని అత్త పడుకునేముందు ఉలవలు నానబెట్టింది. పొద్దున నేను గడప దాటకముందే వాటిని స్లో కుక్కర్లో వేసి స్విచ్ నొక్కింది. మాలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు. అప్పటికే వండినది ఉంటే బయట పారబోయాలి. ఆ కూర ఆమె చేత్తో పెట్టిన కడపటి వంట, దాన్ని ఎవరో ఒకరు కాలవలో పోసేస్తారు. పోయనివ్వకూడదు, మామ అది తినాల్సిందే అని కిటికీ కడ్డీ పట్టుకుని పంతం పట్టినట్టు అనుకున్నాను. మనిషి పోతే ఈమెకు కూర గోలేంటని మీకు అనిపించవచ్చు. అనిపిస్తే అనిపించనివ్వండి. మా అత్త గురించి నాకు గుర్తున్న మంచి అంతా ఆ కుక్కర్ చుట్టూనే ఉంది.

దాన్ని తెప్పించింది నేనే. పాప పుట్టాక నేను మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు, అత్తా మామా తిరుత్తణి పక్క పల్లెలో పొలం కౌలుకిచ్చేసి మా దగ్గరికి వచ్చేశారు. పొద్దున రైలుకోసం ఉరుకులు పరుగులు. సాయంత్రం రైల్లో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటే వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడాలి. అత్తకేమో మోకాళ్ళ నొప్పులు. పొద్దున అన్నీ వేసి వదిలేస్తే సాయంత్రానికి దాని పాటికది ఉడికి ఉంటుందని ఆఫీసులో ఒకామె చెబితే కొన్నాను. అత్త దాని చుట్టూ తిరిగి చూసి, మంట యాడ వస్తుందని అడిగింది. మంట రాదన్నాను. విజిల్ ఎన్ని రావాలంది. అదీ రాదన్నాను.

"అట్లయితే ఇది వండతా ఉండాదో నిద్రపోతా ఉండాదో నాకెట్ల తెలిసేది?" అంది.

మరుసటి రోజు నేను ఆఫీసుకు పోగానే, కుక్కర్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టి పాలు పోసింది. కొత్త పొయ్యి ఇంటికొస్తే పాలు పొంగించాలి కదా. సన్నటి వేడి మీద పాలు కాగుతాయే గానీ పొంగవని ఆమెకు ఎవరు చెప్పారు గనక? మూత పెడితే పొంగు కనబడదని మూత తీసి పక్కన పెట్టింది. స్టూలు వేసుకుని దాని ముందు కూర్చుంది. పొంగే గడియకు ఇంట్లోవాళ్ళు ఎదురుగా ఉండాలని, తాను లేవాల్సి వచ్చినప్పుడల్లా మామను కాపలా పెట్టింది. మధ్యాహ్నం అన్నం కూడా ఆ స్టూలు మీదే తిన్నదట. సాయంత్రం నేను వచ్చేసరికి ఇంకా అక్కడే ఉంది. నాకు నవ్వాగలేదు, ఆమె మాత్రం నవ్వలేదు. పాలు సగానికి దిగి మందంగా మీగడ కట్టి ఉన్నాయి. పొంగని పొయ్యి ఇంట్లో ఉండకూడదంటుందేమో, తిరిగి పంపించాలేమోనని నాకు లోపల గుబులు. గరిటెతో ఒకసారి కలిపి, బెల్లం వేసి, గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది.

"పొంగకపోతే పోనీలే. చిక్కబడింది గదా," అంది.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో. మా ఆయనకు రావాల్సిన ప్రమోషన్ చేజారి ముఖం మాడ్చుకుని కూర్చున్నప్పుడు అదే మాట చెప్పి కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. విసుక్కుంటూనే తిన్నాడు, తిన్నాక తేరుకున్నాడు.

అలవాటయ్యాక ఆమెకు ఆ కుక్కర్ మీద ఎక్కడలేని అభిమానం వచ్చేసింది. పల్లెలో పిడకల నిప్పు మీద కుండ పెట్టి పొలానికి పోయినట్టే కదా, దీనికి బూడిద ఎత్తే పని లేదు అంతే అనేది. చూడాలనే తహతహ మాత్రం పోలేదు. మూత తీస్తే వేడి పోతుందని నేను పోరు పెట్టడంతో, దాని మీద పాత తువ్వాలు కప్పి, పాపకు జ్వరం చూసినట్టు అరచెయ్యి పెట్టి చూసేది. "ఇంకా దోవలోనే ఉండాది" అని తనలో తనే అనుకునేది. నా రైలు ఆలస్యమై పాప ఏడిస్తే దానికీ అదే మాట చెప్పేదట. నేను ఇన్నేళ్ళు ఇంటి బెంగ లేకుండా ఉద్యోగం చేశానంటే అది ఆమె చలవే. వేడి అన్నంలో వేడి కూర వేసుకుని తినేటప్పుడు ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు. అలాంటివి అనుకునే ఇల్లు కాదు మాది.

ఆ కుక్కర్ గిట్టని మనిషి మా చుట్టాల్లో ఒక్కతే ఉంది, అత్తకు స్వయానా అక్క. రెండు స్టేషన్ల అవతల ఉంటుంది, నేను పెద్దత్త అంటాను. ఆచారమంటే ప్రాణం పెడుతుంది. ఆడికృత్తిక పండక్కి మొక్కు కావళ్ళెత్తుకుని తిరుత్తణి గుడికి పోయే చుట్టాలు మా ఇంట్లో దిగి తిని పోతుంటే, ఆమె మాత్రం మంట తగలని కూడు నాకొద్దని అరటిపండు తిని లేచేది. అత్త చిన్నబుచ్చుకునేది కాదు. వచ్చే ఏడు తింటుందిలే అని మళ్ళీ పెట్టేది. ప్రతి ఏడూ అరటిపండే.

ఆ రోజు నేను ఇల్లు చేరేసరికి అత్తను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. మామ గోడకు ఆనుకుని ఎటో చూస్తున్నాడు. పెద్దత్త అప్పటికే వచ్చి గ్యాసు కట్టేయించి, వంటింట్లో ఉన్న పాలు, ఇడ్లీ పిండి, మిగిలిన పప్పు అన్నీ బయట పోయించేసింది. మంటా చప్పుడూ లేని కుక్కర్ ఒక్కటే ఎవరి కంటా పడకుండా తువ్వాలు కింద ఉడుకుతోంది. నేను దాని మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. అప్పుడు ఏడ్చాను.

పెద్దత్త వెనకాలే వచ్చి, ఏందమ్మే అది అంది. అత్త పొద్దున పెట్టిన ఉలవల కూర, మామ అడిగినాడని పెట్టింది, దీన్ని పారబోయించొద్దు అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఆమె చేతులు విడిపించుకుని మూత తీసింది. ఆవిరి ముఖానికి కొడుతున్నా జరగకుండా లోపలికి చూస్తూ నిలబడింది. తిడుతుందనే అనుకున్నాను.

"ఈ ఇంట్లో ఉంటే పారబోయాల్సిందే. నా చెల్లెలు పెట్టిన కూడు పోసేదానికి నాకు చెయ్యి రాదు," అంది. ముక్కు చీదుకుని, "పక్కింటికి తీసకపో," అంది.

చావింటికి అన్నం బయటినుంచి రావాలి కదా, ఆ దారి ఆమెకు తట్టింది. నేను, పక్కింటామె చెరో వైపు పట్టుకుని పెరటి వాకిలి గుండా మోసుకుపోయాం. ఆమె తన వంటింట్లో ప్లగ్గు పెట్టి, "ఇనిమే ఇదు ఎంగ వీట్టు కుళంబు," అంది. ఇకమీదట ఇది మా ఇంటి కూర అని. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలకముందే అత్తను తీసుకుపోయారు. మగవాళ్ళు తిరిగొచ్చి స్నానాలు చేశాక పక్కింటినుంచి అన్నం, చారు, వాటి వెనకే ఆ కూర వచ్చాయి. మామ వద్దన్నాడు. పెద్దత్త బలవంతం చేయలేదు. ఆకు వేసి అన్నం వడ్డించి, ఉలవల కూర అని మాత్రం చెప్పింది. మామ ఆకు వైపు చూసి, మెల్లగా వచ్చి కూర్చున్నాడు.

ఆ కూరలో ఉప్పు లేదు. గింజ మెత్తబడకముందే ఉప్పు పడితే బిరుసెక్కుతుందని అత్త సాయంత్రం దించేముందు వేసేది. ఆ సంగతి పక్కింటామెకు తెలియదు, నాకు తోచలేదు.

మామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తల ఎత్తకుండానే వంటింటి వైపు, "ఏమే, ఉప్పెయ్యలేదా?" అన్నాడు.

నేను లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చాను. మామ తల ఎత్తి నన్ను చూశాడు, డబ్బాను చూశాడు. ఎడమచెయ్యి ఆకుకు అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి తియ్యకుండా, ఆ చప్పిడి కూర ఆఖరి మెతుకు దాకా తిన్నాడు.