తాళం వేసిన బండిలో ఒక మనిషి చోటు

దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళని నేనెప్పుడూ ఒకటే అడిగేదాన్ని: తాగి ఉన్నావా, నిద్రలో ఉన్నావా? రెండూ కాదన్నవాడు నాకు దొరకలేదు. ఎండుచేపల గంపలతో తెల్లారకముందే లేచి, సంత వ్యానుల్లో, కిరండూలు రైల్లో అరకు సంతకి ఏళ్ళ తరబడి తిరిగిన మనిషిని. చీకట్లో నాకు ఎదురైనవి పాములూ, తాగుబోతులూ. ఆ రెంటికే భయపడ్డాను.

ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు జరిగింది. నేను తాగను. ఆ రోజు కునుకు కూడా తియ్యలేదు.

అక్షరాలు నాకు వయసు మళ్ళాక రాత్రి బడిలో వచ్చాయి, కాబట్టి ఇందులో సొగసులేమీ ఉండవు. పేర్లు మార్చాను. మా గౌరి ఇలాంటివి చదవదు. చదివినా తన గురించే అనుకోదు. తన తప్పు తనకెప్పుడూ కనబడదు.

మాది శృంగవరపుకోట పక్క ఊరు. నాకిద్దరు పిల్లలు. పెద్దది గౌరి, చిన్నవాడు పైడిరాజు. పైడిరాజు అరకు అవతల కొండ ఊరి పిల్లని ఇష్టపడి చేసుకున్నాడు. ఆ పిల్ల పేరు సునీత. కొండోళ్ళ సంబంధం మనకేమిటని గౌరి తమ్ముడి పెళ్ళికి రాలేదు. అప్పటినుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పండగొస్తే ఎవరింట్లో కూర్చోవాలో తెలియక నేను సంతలోనే కూర్చున్న రోజులున్నాయి.

వాళ్ళని కలిపింది ఒక పాత మెటాడోరు వ్యాను. సీలేరు కాలనీలో ఒకాయన చాలాకాలం తిప్పి మూలన పడేసిన బండి. పైడిరాజుకి పాత బండ్ల పిచ్చి. దాన్ని తెచ్చి, తుప్పు గీకి, ఆకుపచ్చ రంగేసి, ఇంజను బాగుచేయించాడు. ముందు సీట్లు, వెనక సామాను అర, రెంటికీ మధ్య కప్పుదాకా ప్లైవుడ్ పలక. సీట్లలోంచి సామానుకి చెయ్యి అందదు. వెనక తలుపు తియ్యాల్సిందే. రెండు కుటుంబాలూ కలిసి కొండెక్కి, గుడారం వేసుకుని, ఒక రాత్రి ఉండి వద్దామన్నాడు. దాన్ని క్యాంపింగు అంటారట.

గౌరి వస్తుందనుకోలేదు. మొగుడినీ పిల్లల్నీ వెంటబెట్టుకుని మరీ వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు కొండమీద తెలిసింది. గుడారం ఎవరి ఇల్లూ కాదు. అక్కడ తిన్నంత మాత్రాన తమ్ముడి గడప తొక్కినట్టు కాదు.

గుడారం వేసేది సునీత చిన్నాన్న పొలంలో, వాగు పక్కన. ఆయన మమ్మల్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "డాబా ఇల్లు కోసం మేం కాళ్ళరిగేలా తిరుగుతుంటే, మీరు డాబా వొదిలి గుడ్డ కింద తొంగుంటారేటి?" అన్నాడు. గౌరి కూడా నవ్వింది. సునీత ఉన్నచోట గౌరి నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆ ప్రయాణాలు ఆగకూడదని ఆ రోజే అనుకున్నాను. ఆగితే నా పిల్లలు మళ్ళీ విడిపోతారు, ఈసారి కలిసేసరికి నేను ఉండను.

సామాను సర్దడం నా పని. సంత వ్యానులో లోడు ఎలా పెట్టాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బరువైనవి అడుగునా, ముందుకీ. బియ్యం డబ్బా, పొయ్యి, పాత చీరలో మూటకట్టిన గిన్నెలు పలకకి ఆనించి పెడతాను. పరుపులు ఒక పక్క, నీళ్ళ డబ్బాలు ఇంకో పక్క, బండి ఒరగకుండా. గుడారం గుడ్డ తలుపు దగ్గర. వానొస్తే ముందు కావలసింది అదే. టమాటాలు అన్నిటికీ పైన. గరిటెలు కొక్కేనికి వేలాడతాయి, ఘాట్ రోడ్డు పొడుగునా అవి గలగలమంటూనే ఉంటాయి. అన్నిటి మీదుగా తాడు లాగి గంపల ముడి వేస్తాను. ఎంత కుదుపుకైనా ఊడదు, కొస పట్టుకు లాగితే ఊడుతుంది. నా ముడికి కొస ఎడమ పక్కకి వస్తుంది. ఆ ముడి నా తర్వాత వచ్చింది గౌరికే.

మొదటిసారి పైకెళ్ళాక వెనక తలుపు తీసింది నేనే. పలక దగ్గర ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది. పొద్దున అక్కడ బియ్యం డబ్బా, గిన్నెలు పెట్టాను. ఇప్పుడు అవి పక్కకి జరిగి ఉన్నాయి.

వంపుల్లో జారుంటాయి అత్తా అన్నాడు అల్లుడు. జారిన సామాను కుప్పపడుతుంది. ఇది పేర్చి ఉంది. డబ్బా మీద పొయ్యి, పొయ్యి మీద మూట. ఒక్క టమాటా నలగలేదు. తాడు బిగించే ఉంది.

నాకు సునీత మీద అనుమానం వచ్చింది. పొద్దున నాకు సామాను అందించింది తనే. తాళంచెవి అప్పట్లో స్టీరింగు దగ్గర వేలాడేది. దారిలో టీకి ఆగినప్పుడు ఎవరైనా తియ్యొచ్చు. నా సర్దుడు నచ్చలేదేమోనని మొహం మీదే అడిగాను. "నాను ముట్టనేదత్తా" అంది. ఆ పిల్ల అబద్ధమాడదని తెలుసు. అయినా నమ్మలేదు.

రెండోసారీ అంతే. అదే చోటు, అంతే వెడల్పు. ఈసారి పిల్లల దుప్పటి ఒకటి నాలుగు మడతలేసి అక్కడ పరిచి ఉంది. మామ్మ ఎవరికో సీటు రిజర్వు చేసిందని అల్లుడు వేళాకోళం చేశాడు. ఎవరూ నవ్వలేదు. అమ్మ పని తప్పుపట్టడానికి సునీత ఇదంతా చేస్తోందని గౌరి నా చెవిలో చెప్పింది. తనని దొంగని చెయ్యడానికి వదినే చేస్తోందని సునీత పైడిరాజుతో అంది. ఆ రాత్రి రెండు గుడారాలూ ఎడంగా వేసుకున్నారు.

నేను ఎవరితోనూ చెప్పని సంగతి ఒకటుంది. తాడుకి ఉన్నది నా గంపల ముడే. కానీ కొస కుడి పక్కకి ఉంది. ఎవరో ఊడదీసి మళ్ళీ కట్టారు. సునీతకి ఆ ముడి రాదు. దాంతో నా అనుమానం కన్నకూతురి మీదకి తిరిగింది. తమ్ముడి సంసారంలో చిచ్చు పెట్టడానికి ఇంత పని చేస్తుందా అని నిద్రపట్టలేదు. ఇంటికొచ్చాక వంకపెట్టి గౌరి చేత ఒక మూట కట్టించాను. కొస ఎడమకే వచ్చింది.

బండి మీద కూడా అనుమానం రాకపోలేదు. పైడిరాజు చేత అమ్మినాయనకి ఫోను చేయించాను. ఆ బండి కాలనీకి కూరగాయలు తెచ్చిందట, బడిపిల్లల్ని దింపిందట. యాక్సిడెంటు లేదు, చావు లేదు, ఏ కథా లేదు. ఎందుకడుగుతున్నారని ఆయనే మమ్మల్ని అనుమానించాడు.

మూడోసారి నేను గట్టిగా ఉన్నాను. ఒక్కదాన్నే సర్దాను. తాళం వేసి చెవి నా రొంటిన దోపుకున్నాను. అందరినీ ముందు సీట్లలో కూర్చోబెట్టి, నేను ఆఖరి సీట్లో పలకకి వీపు ఆనించి కూర్చున్నాను. మనవలు వాంతి వస్తోందన్నా బండి ఆపనివ్వలేదు, కవరు ఇచ్చాను. దారిలో ఒక్కరూ సీటులోంచి లేవలేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఘాట్ రోడ్డులో సగం దూరం వచ్చాక నా వెనక గరిటెల గలగల ఆగిపోయింది. బండి ఆగలేదు. వంపులూ తగ్గలేదు. ఊగుతున్న గరిటెల్ని ఎవరో చేత్తో పట్టుకుంటే ఎలా ఆగుతాయో అలా ఆగింది. మిగిలిన దారంతా వినిపించలేదు. ముందు సీట్లలో ఎవరూ గమనించలేదు, పాటలు పెట్టుకున్నారు. నా వీపు మాత్రం పలక నుంచి ఎడంగా జరుపుకున్నాను.

పొలం చేరాక అందరినీ దిగి ఎదురుగా నిలబడమన్నాను. తాళం నేనే తీశాను. చోటు ఉంది. దుప్పటి పరిచి ఉంది. ముడి కొస కుడికి ఉంది. గరిటెలు కొక్కేనికే ఉన్నాయి.

అంటే గౌరి కాదు, సునీత కాదు, మాలో ఎవరూ కాదు. అది నాకొక్కదానికే తెలుసు. వాళ్ళకి కనబడింది మాత్రం మళ్ళీ అదే చోటు. సునీత పిల్లాడి సంచీ భుజానికి తగిలించుకుంది. "ఇంక నాను ఈ బండెక్కను. మా అమ్మోరింటికి పోతన్నాను" అని పైడిరాజుతో అంది.

"పో" అంది గౌరి. "మీ కొండోల్ల సిల్లంగి మా పిల్లల మీద సెయ్యకు."

చిల్లంగి అంటే చేతబడి. ఊళ్ళో మేం కోపంలో వాడేస్తాం. కొండమీద అది కోపంలో అనే మాట కాదు. ఆ మాట పడ్డవాళ్ళని ఊరు బతకనివ్వదు. సునీత మేనత్తని ఆ మాట అనే ఊరు దాటించారు. గౌరికి ఆ సంగతి తెలియదు. సునీత ముఖంలో నెత్తురు లేదు. పక్కనే వాళ్ళ చిన్నాన్న నిలబడి వింటున్నాడు. పైడిరాజు అక్క మీదకి ఒక అడుగు వేశాడు. ఇంకో మాట పడితే నా పిల్లలిద్దరూ ఆ పొలంలోనే తెగిపోయేవాళ్ళు.

"నోరుముయ్యండర్రా" అన్నాను. "సర్దినాను గదేటి నానే. నడుం నొప్పేత్తే కాసేపు కూకుందారని సోటు సేసుకున్నాను. తరవాత మర్సిపోనాను. తాళం నా కాడుంటే ఇంకెవుడు తీత్తాడు?"

"మొదట రెండుసార్లూ?" అన్నాడు అల్లుడు.

"అవీ నానే."

నా జన్మలో నేను ఎవరికీ మొహమాటానికి కూడా అబద్ధం చెప్పలేదు. అందుకే నమ్మారు. నిజమేనా అని ఒక్కరూ మళ్ళీ అడగకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. గౌరి సునీతకి క్షమాపణ చెప్పలేదు, అది దాని ఒంట్లో లేదు. కానీ ఆ పూట అన్నం ముందు సునీతకి వడ్డించింది. సునీత సంచీ దించి తింది. ఆ రాత్రి గుడారాలు పక్కపక్కనే వేశారు.

ఆ తర్వాత నేను మతిమరుపు మనిషినైపోయాను. విశాఖ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారు, మాత్రలు తెచ్చారు. తాళంచెవి నా దగ్గర తీసేసుకున్నారు. నేను పొయ్యి వెలిగిస్తే వెనకే ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. ఏ గంపలో ఏ చేప ఎంతుందో చూడకుండా చెప్పిన దాన్ని, ఇప్పుడు నన్ను ఇవాళ ఏ వారమని అడుగుతున్నారు. సరే అనుకున్నాను. గౌరి ఇప్పుడు తమ్ముడింటికి వచ్చి వంటింట్లోకి వెళుతోంది. దానికి బదులు నా మతి మీద వాళ్ళ నమ్మకం పోయింది, పోనీ.

పోయిన ప్రయాణానికి నన్ను తీసుకెళ్ళలేదు. కొండ చలి పడదన్నారు. వెళ్ళి మర్నాడు సాయంత్రానికి నవ్వుకుంటూ వచ్చారు. అందరూ లోపలికి వెళ్ళాక, పెరట్లో గిన్నెలు తోముతూ సునీత నన్ను పిలిచింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"అత్తా, ఈపాలి సామాను నానే సర్దినాను. తాళం నానే ఏసినాను. నువ్వు ఇంట్లోనే ఉన్నావు గదా."

ఆ పిల్ల తోమిన గిన్నె అందుకుని కడిగాను.

"పైకెల్లి తీత్తే సోటుంది."

"గౌరి సూసిందా?"

"సూసింది. ఏదో అనబోనాది. నానే ముందు అనేసినాను, అత్త కూకుంటాదని అలవాటు కొద్దీ సోటు వొదిలేసినాను, ఆవిడ రానేదని మర్సిపోనాను అని."

గౌరి నవ్వి ఊరుకుందట. సునీత గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. నా అబద్ధం ఎప్పుడో కనిపెట్టి, ముసలిది మతి పోయిందన్న మాట పడుతోందని జాలిపడి అల్లిందేమో. అంత పని చెయ్యగల పిల్లే. అడిగితే చెబుతుంది. నేను అడగలేదు. అల్లానంటే, మొదటి మూడుసార్ల సంగతి అలాగే ఉంటుంది. నిజమేనంటే, నేను లేకపోయినా ఆ చోటు అక్కడికి వచ్చిందన్నమాట.

దెయ్యం అని నేను ఇప్పటికీ అనను. చూడనిదాన్ని చూశానని చెప్పను. మరి ఏమిటంటే నా దగ్గర మాట లేదు.

వచ్చే నెల మళ్ళీ వెళుతున్నారు. ఈసారి చలి పడినా పడకపోయినా నేను వస్తానన్నాను. పోయినసారి నేను లేనప్పుడు ఆఖరి సీట్లో మనవలు కూర్చున్నారని విన్నాను. ఆ సీటు నాకే కావాలన్నాను. వెనక కుదుపులెక్కువమ్మా, నీ నడుముకి పడదు, ముందు కూర్చో అన్నాడు పైడిరాజు. వెనకే అన్నాను. ఎందుకని అడిగాడు. గరిటెలు కొక్కేనికి తగిలించడం మరిచిపోకండి అన్నాను.