పోతురాజు నేర్పని అడుగు

రాజోలు అవతల, గోదారి సముద్రంలో కలిసేచోట ఉన్న మత్స్యకారుల ఊళ్లో పోతురాజు గొంతు ఎరగనివాళ్లు లేరు. పటాలంలో ఇరవై నాలుగేళ్లు కవాతు నేర్పిన హవల్దారు మరి. పింఛను పుచ్చుకుని ఊరికే కూర్చునే రకం కాదు. మిలట్రీకి పోతామన్న కుర్రాళ్లని పొద్దున్నే ఏటిగట్టు మీదికి తోలేవాడు.

మనవాళ్లు ఏ శుభానికైనా కుడికాలు ముందు పెడతారు. కవాతు ఎడమకాలితో మొదలవుతుంది. అక్కడే వచ్చేది చిక్కు. అందుకని ఎడమకాలికి కొబ్బరిపీచు, కుడికాలికి వరిగడ్డి కట్టి, "పీచు, గడ్డి, పీచు, గడ్డి" అని అరిచేవాడు. బంగారమ్మ కొడుకు గంగబాబుకి అది పట్టుబడటానికి పదిరోజులు పట్టింది. పట్టుబడ్డాక వాడంత బాగా నడిచినవాడు లేడు.

నేర్పేదల్లా నిమిషానికి నూట ఇరవై అడుగుల నడకే. స్లో మార్చ్ అనే మెల్లడుగు జోలికి పోయేవాడు కాదు. దాని కథ మాత్రం చెప్పేవాడు. వెనకటి రోజుల్లో తుపాకి ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి చాలాసేపు పట్టేది. వరస చెదిరితే చావే. అందుకని డప్పు దెబ్బకి అందరూ ఒక్కటిగా, నిదానంగా శత్రువు మీదికి నడిచేవారట. తుపాకులు మారాయి, ఆ నడక యుద్ధం వదిలేసింది. ఇప్పుడు పెద్ద పెద్ద పరేడ్లకీ, శవం వెంట నడవటానికీ మిగిలింది. నేర్పమని గంగబాబు ఒకసారి అడిగితే కసిరి కొట్టాడు.

"పెళ్లికెళ్తా చావు మంత్రాలు వల్లిస్తారట్రా?"

మిలట్రీలో చేరిన గంగబాబు సెలవుకి వచ్చి, ఎనిమిదో రోజున రాజోలు రోడ్డు మీద బండి బోల్తాపడి చచ్చిపోయాడు. పటాలం నుంచి మనుషులు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అంతసేపు ఉంచే స్థితిలో లేదు శవం.

బంగారమ్మ ఏడవలేదు. గుమ్మంలో నిలబడ్డ పోతురాజుని చూసింది.

"మిలట్రీకి వద్దని నేను మొత్తుకుంటే, నడిపించి నడిపించి మీరే పంపేరు కదండీ. మావోణ్ణి సిపాయిలాగే సాగనంపాల. మీరే ముందు నడవండి."

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు పోతురాజు.

గట్టి నేల మీద కాళ్లు బాది బాది ఆయన మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. గబగబా నడిస్తే ఎలాగో నెట్టుకురావచ్చు. మెల్లడుగులో ఒక కాలు గాల్లో ఆగుతుంది, ఒళ్లంతా రెండోకాలే మోయాలి. ఆ సంగతి బంగారమ్మకి తెలియదు. చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

పాడె కడుతుండగా, దాన్ని మోసే నలుగురు కుర్రాళ్లని వాకిట్లో నిలబెట్టి ఆ అడుగు నేర్పాడు. పావుగంటలో నేర్చుకున్నారు. ఇంత తేలికైనదాన్ని ఇన్నేళ్లు దాచినందుకు ఆయనకి సిగ్గేసింది.

"దారిలో నేనాగితే, మళ్లీ నా నోటంట మాటొచ్చేదాకా అడుగు ఆపొద్దు, ముందుకీ పోవద్దు. ఉన్నచోటే అడుగెయ్యండి" అని మరీ చెప్పాడు.

బయలుదేరారు. నలభై అడుగులు బాగానే పడ్డాయి. ఏటిగట్టు మలుపు ఇంకా దూరంగా ఉండగా ఆయన కుడి మోకాలు మడతపడిపోయింది. దారి పక్కన కూలబడ్డాడు.

వెనక కుర్రాళ్లు ఆగలేదు, ముందుకీ రాలేదు. పాడె భుజాల మీద అలాగే ఉంది, పాదాలు ఉన్నచోటే లేచి పడుతున్నాయి. పోతురాజు నేలకి చేతులానించి ఒకసారి, మళ్లీ ఒకసారి లేవబోయాడు. కాలు నిలబడలేదు.

బంగారమ్మ జనంలోంచి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"మాస్టారండీ, పిల్లల భుజాలు నొప్పెడతన్నాయండీ."

ఆయన తల పైకెత్తి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని "ధీరే చల్" అని మెల్లడుగుకి ఆజ్ఞ ఇచ్చాడు.

పాడె ఆయన్ని దాటి వెళ్లింది. కూర్చున్నచోటి నుంచే "ఏక్... దో..." అని లెక్క చెబుతూ ఉండిపోయాడు. వాళ్లు దూరమయ్యేకొద్దీ గట్టిగా, ఇంకా గట్టిగా అరిచాడు. గొంతు బొంగురుపోయింది. మలుపు తిరిగాక వాళ్లకి ఆ లెక్క వినబడలేదు.