పైచెక్కకు పెట్టిన కన్నం

చలికాలంలో హీటర్ గాలికి చెక్క ఎండిపోతుందని, ఈ ఉదయం గిటార్ చూద్దామని కేసు మూత తీశాను. పాత వార్నిష్ వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు ముందు సిగ్గేస్తుంది. ప్రసాదరావు గారు ఆ తర్వాతే గుర్తొస్తారు. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైన కాకినాడ ప్రొఫెసరు ఆయన. ఒకప్పుడు బాకాల హోరుండే జాజ్ బిగ్ బ్యాండ్‌లో వాయించిన ఓ పెద్దాయన దగ్గర కొన్న ఆర్చ్‌టాప్ గిటారంటే ఆయనకు ప్రాణం. వయొలిన్‌లా పైచెక్కను ఉబ్బెత్తుగా చెక్కి చేసిన వాయిద్యం, కరెంటు అక్కర్లేనిది.

అప్పట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు శనివారాలు ఆయన బేస్‌మెంట్‌లో పాఠం. ఆరు నెలలు ఒకటే పని, తాళం తప్పకుండా తీగల మీద నాలుగేసి దెబ్బలు. పాట ఎప్పుడు నేర్పుతారని గునిసేవాణ్ణి.

"పదిహేను మంది ఊదుతుంటే నువ్వెక్కడ వినపడతావయ్యా? కానీ నువ్వు ఆపేస్తే అందరికీ తెలుస్తుంది. అదీ నీ పని," అనేవారు.

నాకేమో వినపడాలని ఉండేది.

ఉగాది ఫంక్షన్‌కి ఆయన తన గిటారే ఇచ్చారు. రిహార్సల్లో కీబోర్డు, డ్రమ్స్ మధ్య నా వాయింపు నాకే వినపడలేదు. తీగల మోతను స్పీకర్లోకి పంపే పికప్ కొనుక్కొచ్చి, దాని వాల్యూమ్ నాబ్ కోసం పైచెక్కకు డ్రిల్‌తో కన్నం పెట్టాను. అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు. ఆ రోజు చప్పట్లు బాగానే పడ్డాయి. ముందు వరసలో కూర్చున్న ఆయన మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు తిరిగివ్వబోతే, గిటార్ ఒళ్లో పెట్టుకుని ఆ నాబ్ చుట్టూ బొటనవేలితో తడిమారు. కన్నం పూడ్పించవచ్చని ఏదో నసిగాను.

"బాగా వినపడిందా నీకు?" అన్నారు.

"వినపడింది అంకుల్."

"అయితే నీ దగ్గరే ఉండనీ."

నేను సంబరంగా తెచ్చేసుకున్నాను. బహుమతిగా ఇచ్చారని ఊరంతా చెప్పుకున్నాను కూడా. ఆయన మళ్లీ గిటార్ కొనలేదనీ, బేస్‌మెంట్‌లోకి దిగడమే మానేశారనీ ఆయన పోయాక ఆంటీ చెబితే తెలిసింది. ఆయన నాకది ఇవ్వలేదు, వదిలేసుకున్నారు.

ఆ నాబ్ ఎప్పుడో తీసేశాను, కన్నం మాత్రం అలాగే ఉంది. ఆంటీ చెప్పినప్పట్నుంచి, దాని గురించి ఎవరడిగినా ఒకటే జవాబు చెబుతూ వచ్చాను. మొన్న మా అమ్మాయి దానిమీద వేలు పెట్టి, "హూ డిడ్ దిస్, డాడ్?" అంది.

"నేను కొన్నప్పుడే అలా ఉందమ్మా," అన్నాను.

నా తప్పు దాచుకోవడానికి, ఆ గిటార్ ఆయనదన్న సంగతే లేకుండా చేసేశాను.