యాడికి సెట్టప్పా?

ఈ మధ్య మా గాంధీనగర్‌లో పొద్దున్నే వీధి పట్టనంత మంది నడుస్తున్నారు. మోకాళ్లు మొరాయిస్తున్నా నేనూ వాళ్లలో ఒకతెను, ఎనభైకి చేరువైన నన్ను నిలబెట్టింది ఈ నడకేనని ఎవరితోనైనా పందెం కాస్తాను. అయితే చెవుల్లో ఏవో పెట్టుకుని నన్ను దాటిపోయే పిల్లలను చూసినప్పుడల్లా, బళ్లారి బజారులో బట్టల అంగడి నడిపిన మా నాయన గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఆ రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, నడక కూలివాళ్ల పని, కూర్చోవడం సెట్ల హోదా. నాయన ఇంటి నుంచి అంగడికి జట్కాలోనే వెళ్లేవాడు, బొజ్జ పెరిగితే కలిసొచ్చిందని అమ్మ మురిసిపోయేది. అలాంటి మనిషి ఒకనాడు అంగడిలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. చక్కెర జబ్బని, మందుతో పాటు రోజూ నడవకపోతే ఎక్కువ కాలం బతకడని డాక్టరు అమ్మ ముందే చెప్పేశాడు.

నడవడం కష్టం కాలేదు, జవాబు చెప్పడమే కష్టమైంది. ఎదురైన మనిషిని ఎక్కడికని అడగకపోతే మా ఊళ్లో మర్యాద కాదు. "యాడికి సెట్టప్పా, జట్కా ఏమాయ?" అని ప్రతి అరుగు మీది వాళ్లూ పలకరిస్తే, "ఊరికే" అనేవాడు నాయన నిజాయితీగా. ఊరికే నడిచే సెట్టిని బళ్లారి అప్పటిదాకా చూడలేదు. అంగడి మునిగిందని, గుర్రాన్ని అమ్ముకున్నాడని పుకారు లేచింది, పరువుకు జడిసి నాయన నడక మానేసి మంచమెక్కాడు. ఆయన ఇక దక్కడేమోనని నేను దేవుడి గదిలో కూర్చుని ఏడ్చాను.

అమ్మ ఏడవలేదు. మరునాడు పొద్దున్నే రాగి చెంబు ఆయన చేతికిచ్చి, "అమ్మవారి గుడికి నడిచొచ్చే మొక్కు ఉండాదని చెప్పండి, ఎవురు అడ్డం మాట్లాడతారో నేనూ చూస్తా" అంది. అంతే, అడిగినవాళ్లే దండం పెట్టి దారిచ్చారు. కొన్నాళ్లకు నాయన ఒళ్లు తేలికై మొహంలో కళ వచ్చేసరికి, మహిమంతా అమ్మవారిదేనని నమ్మి బజారులోని సెట్లంతా బొజ్జలేసుకుని, చెంబులు పట్టుకుని బయల్దేరారు. డాక్టరుకు కోపం వస్తుందేమోనని మేం భయపడితే, పేరు ఎవరికొస్తేనేం, నడుస్తున్నారు కదా అని ఆయన పడీపడీ నవ్వాడట. నాయన నా బిడ్డల పెళ్లిళ్లు కూడా చూసే పోయాడు.

ఇప్పుడు నడకకు చెంబు అక్కర్లేదు, ఎందుకు నడవాలో చంటిపిల్లలకూ తెలుసు, నాకు అది సంతోషమే. కానీ ఇన్నేళ్లుగా ఈ వీధిలో నడుస్తున్నానా, ఒక్కరైనా యాడికమ్మా అని అడిగిన పాపాన పోలేదు. అడిగితే నాయనలాగే ఊరికే అని నిజం చెబుదామని ఉంది. ఇప్పుడా మాటను తప్పుపట్టేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు.