చిన్నోడి చెంబు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కుందుర్పి దగ్గర మా ఊర్లో బోర్లన్నీ ఎండిపోయి ట్యాంకరు నీళ్ళే దిక్కయినాయి. అప్పటికి నాకు ఆరుగురు పిల్లలు. పెద్దదానికి తొమ్మిదేండ్లు, చిన్నోడికి ఏడాదిన్నర. వాళ్ళను తీసుకొని వీధిలోకి వస్తే చాలు, పక్కింటి సరోజక్క ఒకటీ రెండూ అని లెక్కబెట్టి నవ్వేది.

కొందరు ఒక్కరే పది బిందెలు పెడతాండారని ఊరి పెద్ద ఓబులేసన్న ఒక కట్టుబాటు చేసినాడు. మనిషి నిలబడితేనే నీళ్ళు, అదీ మనిషికొక్క బిందె. మరుసటి రోజు నా వెనకాల ఆరుగురినీ వరసగా నిలబెట్టినాను. బిందెలు చాలక ఒకడికి తపేలా, ఒకదానికి అన్నం గిన్నె ఇచ్చి, చిన్నోడి ముందర చెంబు పెట్టినాను.

"ఏమన్నా, పిల్లోళ్ళు గూడా మనుషుల లెక్కేనా?" అని సరోజక్క ఓబులేసన్నతో తగువుకు దిగింది.

నాకు ఒళ్ళు మండింది. "నవ్వేదానికి దినామూ లెక్కబెడతావు గదక్కా. నీళ్ళకాడ లెక్కకు రారా?" అన్నాను.

అంతలో చిన్నోడు నిలబడినచోటే చెంబులోకి ఉచ్చ పోసినాడు. నా తల కొట్టేసినట్లయింది.

ఓబులేసన్న నవ్వాపుకోలేక, "వాడు తన చెంబు తానే నింపుకున్నాడు. మిగతావాళ్ళకు పట్టండప్పా" అన్నాడు.

సాయంత్రం చుట్టాలొచ్చి సరోజక్కకు నీళ్ళు చాలలేదు. మా గడపకాడికొచ్చి చెంబెడు అడిగింది. ఆ చెంబుతోనే ఇచ్చినాను. చెంబును చూసి, నన్ను చూసింది.

"కడిగినానులే అక్కా" అన్నాను.

చెంబు తీసుకుపోయింది. ఆ పొద్దునుంచి నా పిల్లల్ని లెక్కబెట్టేది మానుకుంది. నేను మాత్రం ఎవరడిగినా ఇప్పటికీ గట్టిగానే చెప్తాను, ఆరుగురని.